దోశ పెనం మీద ఆలుగడ్డ ఆమ్లెట్

మొయినాబాద్‌లో హోటల్ వంట నేర్పే ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు ఈమధ్య నన్ను పిలిచారు. ముప్పై మంది దాకా పిల్లలు, అందరికీ తెల్ల టోపీలు. మీ అనుభవాలు నాలుగు చెప్పండమ్మా, పిల్లలకు కొంచెం ఉత్సాహం రావాలి అన్నారు. సరేనని మొదలుపెట్టాను. నాతో పనిచేసిన ఎస్తేరు పేరు ఎత్తి రెండు నిమిషాలైనా కాలేదు, ఆ నిర్వాహకుడు నవ్వుకుంటూ వచ్చి మైకు అందుకున్నాడు. టైమ్ అయిపోయిందన్నాడు, చప్పట్లు కొట్టించాడు, శాలువా కప్పి గేటు దాకా సాగనంపాడు.

ఆ శాలువా బీరువాలో అడుగున పడేశాను. వాళ్ళు చెప్పనివ్వని మాటలు మాత్రం లోపల పడి ఉండలేదు, అందుకే రాస్తున్నాను. ఉత్సాహం కావలసినవాళ్ళు వేరే ఎక్కడైనా వెతుక్కోండి.

నా పేరు సుగుణ. మాది హిమాయత్‌నగర్. సిటీలో ఉన్నది కాదు, చేవెళ్ళ రోడ్డు మీద దిగి లోపలికి నడిచే మా ఊరు. మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివాను. పందొమ్మిదేళ్ళు ఒక రిసార్ట్ వంటింట్లో పనిచేశాను. చేరినప్పుడు ఆలుగడ్డల తొక్క తీసేదాన్ని, మానేసేనాటికి పొద్దుటి టిఫిన్లన్నీ నా చేతి మీద నడిచేవి. ఈ రెంటికీ మధ్య నాకు ఏం పదవులు వచ్చాయో మీకు అనవసరం.

ఎవరి తీరిక

మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్న కాలం అది. అక్కడ వారమంతా పనిచేసినవాళ్ళకు శని, ఆదివారాలు గాలి కావాలి, చెట్లు కావాలి. మా చుట్టుపక్కల చేలన్నీ ఒకటొకటిగా ప్రహరీ గోడల లోపలికి వెళ్ళిపోయాయి. మా రిసార్ట్ వంటిల్లు కట్టిన చోట నేను పెళ్ళైన కొత్తలో కూలికి వంకాయలు తెంపాను. గ్యాస్ పొయ్యి పెట్టిన మూల దగ్గర అప్పుడు బోరు ఉండేది.

వచ్చినవాళ్ళు ఆదివారం తొమ్మిదింటికి లేచేవాళ్ళు. వరండాలో కుర్చీలు లాక్కుని, కాళ్ళు చాపుకుని, మాకేం తొందర లేదు, మెల్లగా చేయండి అనేవాళ్ళు. సరిగ్గా ఏడు నిమిషాలకు బెల్లు కొట్టేవాళ్ళు. బెల్లు కొట్టింది మళ్ళీ ఆ మెల్లగా చేయమన్న మనిషే. పదేళ్ళు చూశాక కూడా ఇది నాకు అలవాటు కాలేదు, ప్రతిసారీ ఒళ్ళు మండేది.

ఇంకొకటి. ఆదివారం లోకమంతటికీ సెలవు, మాకు తప్ప. నేను, ఎస్తేరు ఒకే చర్చి వాళ్ళం, ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. ఆమె నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఇల్లు. పనిలోకి తెచ్చింది నేనే. పదిన్నరకల్లా వదిలేస్తారు, రెండో ఆరాధనకు అందుకోవచ్చని మాట ఇచ్చి తెచ్చాను. నాలుగేళ్ళలో ఆమె ఆ ఆరాధనకు అందుకున్నది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళు తీరికగా తినాలంటే మేము ప్రార్థన మానుకోవాలి, ఏర్పాటు అది.

దావూద్ ఉస్తాద్

నాకు వంట నేర్పింది దావూద్ ఉస్తాద్. పాతబస్తీ మనిషి, అరవై దాటినవాడు, ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. ఒక అతిథి ఎక్కడో విదేశంలో తిన్న ఆలుగడ్డల ఆమ్లెట్ గురించి చేతులు తిప్పుతూ చెబితే, ఉస్తాద్ నాలుగు ఆదివారాలు తంటాలు పడి దాన్ని పట్టుకున్నాడు. అందులో పచ్చిమిర్చి, కొత్తిమీర తను కలిపినవే. ఆ తర్వాత మా రిసార్ట్‌కు వచ్చేవాళ్ళలో సగం మంది దానికోసమే వచ్చేవాళ్ళు.

నేర్చుకోదలచిన పిల్లలు ఇది రాసుకోండి. నలుగురికి అరకిలో ఆలుగడ్డ, ఆరు గుడ్లు. ఆలుగడ్డ పాతది కావాలి, గోటితో గీకితే తోలు ఊడివచ్చే కొత్త గడ్డ నీళ్ళు కారుతుంది. రూపాయి బిళ్ళంత మందంగా చక్రాలు కోయాలి. ఉల్లిగడ్డ సన్నగా తరగాలి. లోతు పెనంలో నూనె ధారాళంగా పోసి, ఉప్పు చల్లి, సన్న సెగ మీద రెండూ మగ్గించాలి. ఎర్రబడకూడదు. వేలితో నొక్కితే విరగాలి, అంతే. అందుకు ఇరవై నిమిషాలు పడుతుంది, మీరు ఎంత పొయ్యి పెంచినా ఇరవై నిమిషాలే పడుతుంది, పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

గుడ్లు ఒక్కొక్కటే చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, అప్పుడు పెద్ద గిన్నెలో వేయాలి. మరీ నురుగు వచ్చేలా గిలకొట్టొద్దు. నూనె వడకట్టిన ఆలుగడ్డలు వేడి మీదే గుడ్లలో వేసి పది నిమిషాలు వదిలేయాలి. ఈ పది నిమిషాలు ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. అక్కడే గడ్డ గుడ్డును పీల్చుకుంటుంది. తర్వాత పెనంలో చెంచాడు నూనె, మొత్తం పోసి మళ్ళీ సన్న సెగ. అంచులు కదిలాక పైన పళ్ళెం బోర్లించి, ఒక్క ఊపులో తిప్పి, పచ్చివైపు కిందికి వచ్చేలా మళ్ళీ పెనంలోకి జార్చాలి. మొదటి రెండు మూడు సార్లు మీ మోచేతి మీద పడుతుంది, పడనివ్వండి. దించాక అయిదు నిమిషాలు ఆగి కోస్తే ముక్క నిలబడుతుంది.

ఉస్తాద్ దగ్గర ఒకటే కఠినమైన నియమం. లోతు పెనాలు రెండూ గుడ్డువి. వెడల్పాటి ఇనుప పెనం దోశది. గుడ్డు పెనాల పిడికి ఎర్ర గుడ్డ చుట్టి ఉంచేవాడు. మా రిసార్ట్‌కు రెండు రకాల జనం వచ్చేవాళ్ళు మరి, సిటీ నుంచి వచ్చి గుడ్డు అడిగేవాళ్ళు, చిల్కూరు గుడికి పోయి వస్తూ దారిలో టిఫిన్‌కు ఆగేవాళ్ళు. నేను ఒకసారి కడిగేస్తే అన్నీ ఒకటే కదా ఉస్తాద్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇనుము నూనె తాగుతది బేటీ, వాసన తాగుతది. నువ్వు కడిగేది పైన మాత్రమే. ఆళ్ళు మన చేతుల మీద నమ్మకం పెట్టి తింటున్నరు, వంటింట్లకొచ్చి చూస్తరా?"

ఆయన చెప్పింది నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

చేతి గడియారం మేనేజర్

తర్వాత కొత్త మేనేజర్ వచ్చాడు. సిటీలో పెద్ద హోటల్ నుంచి తెచ్చారు. వాడి పేరు రాయను, ఆ పేరు ఎవరికైనా గుర్తుండడం నాకు ఇష్టం లేదు. టై కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూసుకునేవాడు. ఏ టిఫినైనా ఆర్డర్ ఇచ్చిన పన్నెండు నిమిషాల్లో బల్ల మీద ఉండాలన్నాడు. ఉస్తాద్ ఆలుగడ్డ ఆమ్లెట్‌కు నలభై అయిదు నిమిషాలు పడుతుందని, ముందే చెబితే ముందే మగ్గబెట్టి ఉంచుతానని రెండుసార్లు ఓపిగ్గా చెప్పాడు. మూడోసారి చెప్పలేదు. తన కత్తి గుడ్డలో చుట్టుకుని, మా అందరికీ సలాం చేసి వెళ్ళిపోయాడు.

ఆయన చోటికి నేను వచ్చాను. సంతోషపడ్డాను కూడా, దాచను. కూలికి వంకాయలు తెంపిన చోట నేను పెద్ద వంటమనిషినయ్యానని మా ఇంట్లో గొప్ప చెప్పుకున్నాను.

ఆ ఆదివారం

ఉస్తాద్ వెళ్ళి రెండు నెలలు అయి ఉంటుంది. ఆదివారం పొద్దున్న ఏడింటికి మేనేజర్ వచ్చి, సాఫ్ట్‌వేర్ వాళ్ళు నలభై మంది వస్తున్నారు, తొమ్మిదిన్నరకు అందరికీ ఆలుగడ్డ ఆమ్లెట్ కావాలి అన్నాడు. ఆ బుకింగ్ శుక్రవారమే అయింది. వాడు మాకు చెప్పడం మరిచిపోయాడు. శుక్రవారం చెప్పి ఉంటే అయిదింటికి మొదలుపెట్టేవాళ్ళం, ఏ గొడవా లేదు. రెండు లోతు పెనాలతో పది పెద్ద ఆమ్లెట్లు రెండున్నర గంటల్లో కావు అన్నాను.

వాడు దోశ పెనం చూపించాడు. ఆలుగడ్డ ఉడికించి, తురిమి, గుడ్లలో కలిపి దోశలాగా పలచగా పోసేయమన్నాడు. అది ఆలుగడ్డ ఆమ్లెట్ కాదు, ఉత్త మోసం. దానికంటే ముఖ్యం, అది దోశ పెనం. చిల్కూరు నుంచి వచ్చేవాళ్ళకు ఎట్లా అంటే, ఇవాళ దోశ లేదని చెప్దాం అన్నాడు. ఆ మాట పట్టుకుని పోశాను. ఎస్తేరు తురిమి ఇస్తోంది, నేను పోస్తున్నాను, తిప్పుతున్నాను. చెమట గుడ్లలో పడకుండా కొంగు నుదుటికి బిగించి కట్టుకున్నాను.

తొమ్మిది దాటాక చేవెళ్ళ నుంచి కిరాణా సేటు వచ్చాడు. మా రిసార్ట్‌కు పప్పులూ నూనెలూ పంపేది ఆయనే. వెంట వాళ్ళ అమ్మ ఉంది, రుక్మమ్మ గారు, డెబ్బై దాటిన మనిషి. ఆమెకు కంటి ఆపరేషన్ బాగా జరిగిందని మొక్కు తీర్చుకోవడానికి వచ్చారు. తెల్లవారకముందే చిల్కూరులో మొదలుపెట్టి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసింది. పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. ఒక సాదా దోశ చాలు, ఉల్లిగడ్డ కూడా తగలకుండా చేయమని కొడుకుతో చెప్పించింది.

సేటుకు లేదని చెప్పడానికి మేనేజర్‌కు నోరు రాలేదు. వంటింట్లోకి వచ్చి ఒక దోశ పోయమన్నాడు. ఇందాకటి నుంచి గుడ్డు పోస్తున్న పెనం సార్, వద్దు అన్నాను. కడిగి పోయమన్నాడు. ఇడ్లీ ఉంది, ఇడ్లీ ఇద్దాం అన్నాను. ఆమె దోశ అడిగింది కదా అన్నాడు, ఆ తర్వాత నాకు బాగా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"ఎవరికి తెలుస్తుంది సుగుణా? నువ్వు చెప్తవా, నేను చెప్తనా?"

నేను పెనం కడిగాను. ఉప్పు వేసి రుద్దాను, తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాను. కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి ఎస్తేరు బయట పారబోసింది. దోశ పోశాను. అందంగా వచ్చింది. చేస్తున్నంతసేపు ఉస్తాద్ మాట చెవిలో ఉంది, అయినా చేశాను. మేనేజర్ నా చేయి పట్టుకుని పోయించలేదు. పోసింది నేనే.

ఎస్తేరే పళ్ళెం తీసుకెళ్ళింది. నేను గుమ్మంలో నుంచి చూస్తున్నాను. రుక్మమ్మ గారు ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని ఆగింది. దోశను తిరగేసింది. అడుగున ఒకచోట గోరంత పసుప్పచ్చ పొర అంటుకుని ఉంది, దానిలో ఆలుగడ్డ తురుము ఒక పోగు. ఆపరేషన్ అయిన కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. అరవలేదు. నోట్లోది చేతిలోకి తీసి పళ్ళెంలో పెట్టి, "గిదేంది బిడ్డా?" అని ఎస్తేరును అడిగింది.

అరిచింది కొడుకు. వరండాలో నలభై మందీ ఇటు తిరిగారు. మేనేజర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గుడ్లు కలిపిన గరిటె పిండిలో పెట్టింది ఈ మనిషే సార్, అని ఎస్తేరును చూపించాడు.

"వీళ్ళకు ఎంత చెప్పినా గంతే సార్. వీళ్ళ ఇండ్లల్ల అంటు, ముట్టు అని ఏముంటది?"

ఆ 'వీళ్ళు' అన్న మాట ఈ వయసులో కూడా నాకు మండుతుంది. ఎస్తేరు ఎవరో, మా వాడ ఏదో, మేము ఏ చర్చికి పోతామో అన్నీ ఆ ఒక్క మాటలో పెట్టి బల్లల మధ్య పరిచాడు. వాడి ఆర్డర్, వాడి మరుపు, వాడి మోసం, అన్నీ ఒక మనిషి పుట్టుక మీద రుద్దాడు. అక్కడ చదువుకున్నవాళ్ళు నలభై మంది ఉన్నారు, ఒక్కరూ ఇదేం మాట అనలేదు. ఆ వీళ్ళలో నేనూ ఉన్నాను. అట్లకాడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను.

ఎస్తేరు నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళాను, ఇంకా పద్దెనిమిది పోయాలని నాకు నేను చెప్పుకున్నాను. ఆమెను అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. నేను పద్దెనిమిదీ పోశాను.

ఎందుకు నోరు విప్పలేదని మీరు అడగాలి. నా ఉద్యోగం పోతుందని భయం. పెద్ద వంటమనిషి అన్న పేరు పోతుందని అంతకంటే భయం. ఇంకే కారణమూ లేదు, ఇంట్లో జబ్బులూ పిల్లల చదువులూ తెచ్చి ఇక్కడ అడ్డం పెట్టను.

చేవెళ్ళలో

మూడు వారాలు తిండి సరిగ్గా సయించలేదు. ఎస్తేరు చేలల్లో టమాటలు తెంపే కూలికి పోతోందని తెలిసింది. వాళ్ళింటి ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి పనికి పోయేదాన్ని. నాలుగో వారం మంగళవారం, నా సెలవు రోజు, షేర్ ఆటో ఎక్కి చేవెళ్ళ వెళ్ళాను. సేటు దుకాణం బజారులోనే. సేటు లేడు, రుక్మమ్మ గారు గల్లా దగ్గర కూర్చుని చింతపండులో గింజలు ఏరుతోంది.

నేను ఎవరో చెప్పాను. ఆ రోజు జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఎస్తేరు ఏ గరిటే పెట్టలేదని, దోశ పోసింది నేనని, తెలిసే పోశానని చెప్పాను. ఆమె గింజలు ఏరడం ఆపలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే నాకు కొంచెం తేలికయ్యేది, నిజానికి నేను అందుకే వెళ్ళానేమో కూడా.

"నేను మల్ల పోయి నూట ఎనిమిది తిరిగి వచ్చిన" అంది చివరికి. "నా నోటి మైల నేను కడుక్కున్న. నీది నా తాన ఏం లేదు బిడ్డా. నన్ను చూడొస్తే నీకు అల్కగ ఉంటదని వచ్చినవ్. ఆ పిల్లకు చెప్పినవా?"

లేదన్నాను.

"నాకు ముందు చెప్పుడేంది మరి? నేను పెద్దింటిదాన్ననా?"

లేచాను. ఆమె కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. తిరుగు ఆటోలో నా మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. సేటు వాళ్ళ అమ్మకు తప్పు ఒప్పుకోవడానికి పది మైళ్ళు పోయాను. మూడిళ్ళ అవతలికి పోలేదు.

మూడిళ్ళ అవతల

ఆ సాయంత్రం ఎస్తేరు ఇంటికి వెళ్ళాను. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది, పీట వేయలేదు. నిలబడే చెప్పాను. దోశ నేనే పోశాను, పెనం నేనే కడిగాను, నీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను అన్నాను.

"నాకు తెల్వదా అక్కా? కడిగిన నీళ్ళు పారబోసింది నేనే గద."

ఆ ఆలోచన మూడు వారాల్లో ఒక్కసారి కూడా నాకు రాలేదు. ఆమెకు అంతా తెలుసు. ఆ రోజు ఆ వరండాలో సుగుణక్క పోసింది అని ఒక్క మాట అంటే బయటపడేది. మరి ఎందుకు అనలేదని అడిగాను.

"నువ్వే చెప్తవని చూసిన. నిన్నే చూస్తుంటి గద, ఎంతసేపు చూసిన."

మళ్ళీ పనిలోకి రమ్మన్నాను, నేను మాట్లాడతానన్నాను. రానంది. ఆమెకు పని అక్కరలేదు. ఏ బల్లల మధ్య ఆ మాట పడ్డదో అదే బల్లల మధ్య నిజం పడాలి, అంతే అంది. చేట తీసుకుని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

మరుసటి ఆదివారం ఇంకో కంపెనీ వాళ్ళు వచ్చారు. తొమ్మిదిన్నరకు వరండా నిండుగా ఉంది. పొయ్యిలన్నీ ఆర్పాను. చేతిలో ఉన్న అట్లకాడతోనే బల్లల మధ్యకు వెళ్ళి నిలబడి గట్టిగా చెప్పాను. నాలుగు వారాల కింద ఇక్కడ ఎస్తేరు అనే మనిషిని చేయని తప్పుకు అవమానించారు, ఆ తప్పు చేసింది నేను, చేయించింది మేనేజర్, ఆమె జాతిని అన్న మాట అబద్ధం, అన్నాను. మొత్తం చెప్పాను.

వాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. సగం మందికి తెలుగు రాదు. ఇదేదో రిసార్ట్ వాళ్ళ కార్యక్రమం అనుకున్నట్టున్నారు, ఒకతను చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. మొన్న శిక్షణ కేంద్రంలో చప్పట్లు వినగానే నాకు మళ్ళీ అదే గుర్తొచ్చింది. కానీ ప్లేట్లు తుడిచేవాళ్ళూ, తోటపని వాళ్ళూ, గేటు దగ్గర కాపలా మనిషీ అందరూ విన్నారు. వాళ్ళంతా మా ఊరి చుట్టుపక్కలవాళ్ళే. సాయంత్రానికి ఆ మాట ఎస్తేరుకు చేరిందని నాకు తెలుసు.

మేనేజర్ మొహం నల్లబడింది. నన్ను తీసేస్తాడనే అనుకున్నాను. పళ్ళు కొరుకుతూ నా పక్కకు వచ్చి, ముందు పొయ్యి వెలిగించు, ఆర్డర్లు ఆగిపోయినయి అన్నాడు. అంతే. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. నేను లేకపోతే వాడికి ఆ ఆదివారం గడవదు.

ఆ దోశ పోసిన ఆదివారం కూడా నేను లేకుండా గడవకపోయేది. అప్పుడు పద్దెనిమిది మిగిలి ఉన్నాయి, పోయడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఒక్క మాట అని ఉంటే వాడు నన్ను ఏమీ చేయలేకపోయేవాడు, ఎస్తేరు పని నిలబడేది. వంటింట్లోకి వస్తున్న పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. పొయ్యి ముందు ఉన్నంతసేపు మీరంటే వాళ్ళకే భయం. మనమే వాళ్ళకు భయపడుతున్నామని అనుకుంటూ ఉంటాం. నాకు అది నాలుగు వారాలు ఆలస్యంగా తెలిసింది, ఆ ఖరీదు నేను కట్టలేదు, ఎస్తేరు కట్టింది.

ముందు పెనం

ఆ మేనేజర్ రెండేళ్ళకు ఇంకా పెద్ద చోటికి పోయాడు. ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఇంకా పెద్ద చోటికే పోతారు. వాడు వెళ్ళాక నేను చేసిన మొదటి పని గుడ్డు పెనాల పిడులకు మళ్ళీ ఎర్ర గుడ్డ చుట్టడం. తర్వాత ఎంతమంది వచ్చి గడియారం చూసుకున్నా, ఆలుగడ్డ ఆమ్లెట్ అడిగినవాళ్ళకు నలభై అయిదు నిమిషాలని మొహం మీదే చెప్పాను. ఆగలేనివాళ్ళు బ్రెడ్డు తిని పోయారు.

ఎస్తేరు మళ్ళీ వంటింటి పనికి రాలేదు. టమాట చేలల్లోనే చేసింది, తర్వాత నాలుగు గేదెలు పెట్టుకుంది. ఏడెనిమిదేళ్ళు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను పని మానేసిన ఏడాది, మొదటి ఆదివారం చర్చిలో పోయి ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాను. ఆమె పక్కకు జరగలేదు, అది చాలనుకున్నాను.

ఇప్పుడు ఆరాధన అయ్యాక కొన్ని ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. నేను ఆలుగడ్డలు సన్న సెగ మీద పెట్టి, ఎవరూ బెల్లు కొట్టని ఇంట్లో ఇరవై నిమిషాలూ కూర్చుంటాను. ఆమె ఎదురుగా కూర్చుని గేదెల సంగతులు చెబుతుంది. గుడ్లు కలిపి, పది నిమిషాలు ఆగి, ఇక పోయబోతుంటే ఆమె చేయి అడ్డం పెడుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

"జర ముందు పెనం చూపియ్యి అక్కా."

నవ్వుతూనే అంటుంది. నేను నవ్వను. పెనం పొయ్యి మీద నుంచి దించి, వెలుతురులో పెట్టి, లోపలి వైపు ఒకసారి, అడుగు వైపు ఒకసారి ఆమెకు చూపిస్తాను. ఆమె చూసి సరేనంటుంది. అప్పుడు పోస్తాను.